రెండో మందు ఎందుకు రాశాను? ఒక న్యుమోనియా కేసు

మా ఆసుపత్రిలో న్యుమోనియా పేషెంటు అడ్మిట్ అయితే డ్యూటీ డాక్టర్ చెయ్యి దానంతట అదే రెండు లైన్లు రాసేస్తుంది. ఆగ్మెంటిన్ 1.2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి. అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. రోజుకోసారి. ఆ అలవాటు వాళ్ళకి నా నుంచే వచ్చింది. మొదటిది పెన్సిలిన్ కుటుంబం మందు, రెండోది మాక్రోలైడ్. ఈ జంట తప్పు కాదు, పుస్తకాలన్నీ ఒప్పుకున్నదే. కానీ పోయిన ధనుర్మాసంలో వచ్చిన ఒకావిడ కేసు తర్వాత రెండో లైను రాసేముందు నా పెన్ను కాసేపు ఆగుతోంది. ఆవిడ బాగానే ఇంటికి వెళ్ళింది. అయితే మూడో రోజు సాయంత్రం జరిగినదాంట్లో నా పొరపాటు ఉంది. అది కూడా రాస్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను.

పేషెంటు

58 ఏళ్ళ స్త్రీ. గోదావరి వైపు ఒక చిన్న పట్టణంలో బస్టాండు దగ్గర ఇడ్లీ బండి. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, చన్నీళ్ళతో స్నానం చేసి, పొయ్యి వెలిగించడం పాతికేళ్ళుగా అలవాటు. తొమ్మిదేళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, రాత్రిపూట అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. వాడుతోంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 9.1. పొగాకు, చుట్ట అలవాట్లు లేవు, కట్టెల పొగ మాత్రం జీవితమంతా పీల్చింది.

బుధవారం రాత్రి వణుకుతో జ్వరం మొదలైంది. గురువారం వాళ్ళ వీధిలో ఒకాయన ఇంజెక్షన్ చేసి మూడు రోజులకి బిళ్ళలు ఇచ్చాడు. శుక్రవారం కాస్త తేలికపడింది. శనివారం రాత్రి నుంచి కుడి డొక్కలో గుచ్చినట్టు నొప్పి, ఇటుక రంగు కఫం, ఆయాసం. సోమవారం సాయంత్రం మా దగ్గరికి తీసుకొచ్చారు.

వచ్చేసరికి జ్వరం 103, నాడి 118, శ్వాస నిమిషానికి 32, బీపీ 104/64, మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో ఆక్సిజన్ 90 శాతం. రెండు లీటర్ల ఆక్సిజన్ పెడితే 95 వచ్చింది. తెలివిలోనే ఉంది, మాట స్పష్టంగా ఉంది. షుగర్ 312. కుడి ఊపిరితిత్తి కింది భాగం మీద తడితే మొద్దుగా మోగింది, స్టెతస్కోపులో గొట్టంలోంచి వీచినట్టు శ్వాస శబ్దం. ఎక్స్‌రేలో కుడి కింది లంబిక మొత్తం తెల్లగా ఉంది, మూలలో కొంచెం నీరు. తెల్లకణాలు 19,400. సోడియం 131, పొటాషియం 3.4, యూరియా 58, క్రియాటినిన్ 1.3.

తీవ్రత లెక్కకి మేం కర్బ్-65 అనే మార్కుల పట్టిక వాడతాం. ఇందులో మన జూనియర్లు తరచూ పడే గుంట ఒకటుంది. పాశ్చాత్య పుస్తకాల్లో 20 అని ఉండేది బీయూఎన్, అంటే యూరియాలోని నైట్రోజన్ లెక్క. మన ల్యాబులు ఎక్కువగా ఇచ్చేది యూరియా. రెండూ మి.గ్రా.ల్లోనే ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుని, యూరియా 25 ఉన్నవాళ్ళకి కూడా ఒక మార్కు వేసేస్తారు. యూరియా అయితే దాదాపు 42 దాటాలి. ఈవిడకి 58, కాబట్టి ఒక మార్కు. శ్వాస 30 దాటింది, ఇంకొకటి. మొత్తం రెండు. వార్డులో పెట్టాల్సిన కేసు, ఐసీయూ అవసరం లేదు.

సంధి కాలం కాబట్టి చంకలు, రొమ్ముల కింద, గజ్జలు అన్నీ వెతికించాను, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం నల్ల పొక్కు ఎక్కడైనా ఉందేమోనని. దొరకలేదు. పొక్కు కనబడనంత మాత్రాన జబ్బు లేదని కాదు, అందుకే రక్తపరీక్ష పంపాం. డెంగీ, మలేరియా నెగెటివ్. కఫం టీబీ కోసం సీబీనాట్‌కి వెళ్ళింది. మొదటి యాంటీబయాటిక్ ఎక్కకముందే రెండు చేతుల నుంచి బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీయించాను. ఈ ఒక్క పని సరిగ్గా చేసినందుకు తర్వాత చాలా ఊరట దొరికింది.

ఇక మందులు. ఎప్పటిలాగే ఆగ్మెంటిన్. అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. 250 మి.లీ. సెలైన్లో కలిపి గంటసేపు. ఇన్సులిన్. శ్వాస శబ్దంలో పిల్లికూత లేకపోయినా ఎవరో సాల్బుటమాల్ నెబులైజర్ రాశారు. ఆయాసం అంటే నెబులైజర్ పెట్టాలన్నది మన వార్డుల్లో ఒక ఆచారం, పేషెంటు వాళ్ళకి కూడా అది పెడితేనే వైద్యం జరుగుతున్నట్టు. నేను కొట్టేయలేదు. స్టెరాయిడ్ మాత్రం ఇవ్వలేదు. 2023లో ఫ్రాన్స్‌వాళ్ళ ట్రయల్లో హైడ్రోకార్టిసోన్‌తో మరణాలు తగ్గింది ఐసీయూ స్థాయి తీవ్రత ఉన్నవాళ్ళలో. ఈవిడది అది కాదు, పైగా షుగర్ 312.

మేనల్లుడి ప్రశ్న

మంగళవారం రౌండ్స్‌లో ఆవిడ మేనల్లుడు మంచం పక్కనే ఉన్నాడు. బీ ఫార్మసీ చివరి ఏడాది. కేస్ షీట్‌లో మందుల పేర్లు చదివేశాడు.

"సార్, ఒక డౌటు అడగొచ్చా?"

"అడుగు బాబూ."

"పెన్సిలిన్ గోడ కడుతున్న బ్యాక్టీరియానే చంపుతుంది కదా సార్. అజిత్రో వాటి పనే ఆపేస్తే అవి గోడ కట్టవు. అప్పుడు ఆగ్మెంటిన్ ఎవర్ని చంపుతుంది? మా సార్ ఈ రెండూ కలపకూడదని చెప్పారు."

వాళ్ళ సార్ చెప్పింది కల్పితం కాదు. బ్యాక్టీరియా తన గోడని కట్టేటప్పుడు ఇటుకల్ని కలిపే ఎంజైములుంటాయి. పెన్సిలిన్ వాటిని పట్టుకుని పనిచేయనివ్వదు. గోడ సగంలో ఆగి, కణం లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. అంటే తాపీ పని జరుగుతుండగానే ఈ దెబ్బ తగలాలి. మాక్రోలైడ్ దారి వేరు. రైబోజోములో 50ఎస్ అనే భాగానికి అతుక్కుని ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. మేస్త్రీలందరికీ సెలవిచ్చినట్టు. సెలవులో ఉన్న మేస్త్రీ చేతిలోంచి తాపీ లాక్కోవడం ఎలా అన్నది ఆ కుర్రాడి ప్రశ్న.

ఈ భయానికి మూలం 1951లో అమెరికాలో లెపర్, డౌలింగ్ ప్రచురించిన అనుభవం. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే క్రిమి వల్లే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చినవాళ్ళలో కొందరికి పెన్సిలిన్ ఒక్కటే, కొందరికి దానితోపాటు ఆరియోమైసిన్ ఇచ్చారు. రెండూ ఇచ్చినవాళ్ళలో 79 శాతం మంది చనిపోయారు. పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో మరణాలు అందులో సగం కూడా లేవు. అప్పట్నుంచి చంపే మందునీ, పెరుగుదల ఆపే మందునీ కలపొద్దన్న సూత్రం ఫార్మకాలజీ పుస్తకాల్లో స్థిరపడిపోయింది.

మరి అదే తప్పుని మేం రోజూ ఎలా చేస్తున్నాం? అబ్బాయికి వార్డులో రెండు ముక్కల్లో చెప్పాను, ఇక్కడ కాస్త విడమర్చి రాస్తాను. ఆ రోగులది మెదడు పొరల వాపు. మెదడు చుట్టూ ఉండే నీటిలో మన తెల్లకణాలు, కాంప్లిమెంట్ (రక్తంలో క్రిములతో పోరాడే ప్రొటీన్లు) సాయం దాదాపు ఉండదు. క్రిమిని మందే సొంతంగా చంపాలి, అదీ వేగంగా. ఊపిరితిత్తుల్లో అలా కాదు. పెరుగుదల ఆగిన క్రిముల్ని తినేయడానికి తెల్లకణాలు లక్షల్లో దిగి ఉంటాయి. ఇంకోటి, ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి, మాక్రోలైడ్ కాదు. న్యుమోకాకస్ రక్తంలోకి ఎక్కిన 409 మందిని బార్సిలోనా వైద్యులు 2003లో వెనక్కి తిరిగి చూసుకుంటే, పెన్సిలిన్‌లాగా గోడ మీద పనిచేసే బీటా లాక్టమ్‌కి మాక్రోలైడ్ కలపనివాళ్ళలోనే మరణాలు ఎక్కువ కనబడ్డాయి. అలా వెనక్కి చూసే లెక్కల్ని నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే ఎవరికి ఏ మందు ఇవ్వాలన్నది అక్కడ చీటీ వేసి తేల్చలేదు. అయినా పరీక్షనాళికలో కనిపించే పోట్లాట మనిషి ఊపిరితిత్తిలో నష్టంగా కనబడటం లేదని చెప్పడానికి అది చాలు.

"అయితే అజిత్రో వల్ల లాభమేంటి సార్?" అన్నాడు. నిజానికి అసలు ప్రశ్న ఇది. ఆ క్షణంలో నేను ఇచ్చిన జవాబు పుస్తకంలోది. ఈవిడకి ఏం లాభమని నన్ను నేను అడుక్కోలేదు.

రెండో మందు పని

రెండు మందులు కలిపితే బలం రెండింతలవుతుందని పేషెంటు వాళ్ళు అనుకుంటారు, మనలోనూ కొందరు అనుకుంటారు. జంట కుదిరింది బలం కోసం కాదు, మొదటి మందుకి కనబడని క్రిముల కోసం. మైకోప్లాస్మాకి అసలు గోడే లేదు, పెన్సిలిన్ దాన్నేం చేయలేదు. లెజియొనెల్లా మన కణాల లోపలే దాక్కుంటుంది, బీటా లాక్టమ్‌లు అక్కడికి సరిగ్గా చేరవు. 1976 జులైలో ఫిలడెల్ఫియా హోటల్లో మాజీ సైనికుల సభకి వచ్చినవాళ్ళు వరసగా న్యుమోనియాతో పడిపోయినప్పుడు, క్రిమి పేరు కూడా తెలియని ఆ రోజుల్లో, ఎరిత్రోమైసిన్, టెట్రాసైక్లిన్ పడినవాళ్ళు మిగతావాళ్ళకన్నా మెరుగ్గా కోలుకున్నారు. ఆ ఎరిత్రోమైసిన్ కుటుంబంలోదే అజిత్రో. 1980లో జాగ్రెబ్‌లోని ప్లీవా కంపెనీ రసాయనవేత్తలు తయారు చేశారు.

ఆంధ్రాలో ఇంకో కారణం చేర్చాలి. వర్షాకాలం వెళ్ళాక మొదలై చలికాలం దాకా స్క్రబ్ టైఫస్ న్యుమోనియా వేషంలో వస్తుంది. దాని మీద పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు శుద్ధ దండగ. డాక్సీసైక్లిన్‌గానీ, అజిత్రోమైసిన్‌గానీ పడాలి. వెల్లూరు సీఎంసీ వాళ్ళ నాయకత్వంలో దేశంలో చాలా చోట్ల జరిగి 2023లో వచ్చిన ట్రయల్లో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కి ఈ రెండూ కలిపి ఇస్తే ఏదో ఒకటి ఇచ్చినదానికన్నా ఫలితం బాగుంది. చెడు ఫలితం జంటలో 33 శాతం, విడిగా ఇచ్చిన రెండు గుంపుల్లో 47, 48 శాతం.

మరి వార్డు స్థాయి న్యుమోనియాలో అందరికీ మాక్రోలైడ్ కావాలా? ఇక్కడ ట్రయల్స్ ఒక మాట మీద లేవు. 2015లో నెదర్లాండ్స్‌లో ఏడు ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో బీటా లాక్టమ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 90 రోజుల మరణాలు 9 శాతం, మాక్రోలైడ్ కలిపినవాళ్ళలో 11.1 శాతం. అంటే ఒక్కటే ఇచ్చినా నష్టం లేదు. అంతకు ముందు ఏడాది స్విట్జర్లాండ్‌లో 580 మందిలో మాత్రం ఒక్క మందు గుంపులో వారం తిరిగేసరికి కుదుటపడనివాళ్ళు 41 శాతం, జంట గుంపులో 34 శాతం. తేడా ఎక్కువగా కనబడింది అసాధారణ క్రిములు ఉన్నవాళ్ళలో, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళలో. 2024లో గ్రీస్ నుంచి వచ్చినది నన్ను కొంచెం ఆశ్చర్యపరిచింది. ఒంట్లో వాపు గుర్తులు ఎక్కువగా ఉన్నవాళ్ళని ఎంచుకుని బీటా లాక్టమ్‌కి క్లారిత్రోమైసిన్ కలిపితే, నాలుగో రోజుకల్లా అనుకున్న మెరుగుదల 68 శాతం మందిలో వచ్చింది. కలపనివాళ్ళలో 38 శాతమే. మాక్రోలైడ్లు క్రిమిని ఆపడంతోపాటు మన ఒంటి కంగారుని కూడా తగ్గిస్తాయన్న పాత అనుమానానికి ఇది బలం. న్యుమోకాకస్ వదిలే న్యుమోలైసిన్ అనే విషం కూడా ప్రొటీనే కాబట్టి, మాక్రోలైడ్ పడితే దాని తయారీ కూడా తగ్గుతుంది.

క్లారిత్రో నేను వాడను. కాలేయంలో చాలా మందుల్ని విరగ్గొట్టే సీవైపీ 3ఏ4 ఎంజైముని అడ్డుకుంటుంది, అటోర్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్ వేసుకునే మన పేషెంట్లలో అది కొత్త తలనొప్పి. అజిత్రోకి ఆ గొడవ తక్కువ. లీవోఫ్లాక్సాసిన్ ఒక్కటే ఇస్తే అన్నీ కవర్ అవుతాయని కొందరంటారు. మన దేశంలో న్యుమోనియా అనుకున్నది టీబీ అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. లీవోఫ్లాక్సాసిన్ టీబీని సగం అణిచి, నాలుగు వారాలు మోసం చేసి, తర్వాత బయటపెడుతుంది.

బుధవారం సాయంత్రం

మంగళవారం సాయంత్రానికి జ్వరం 101కి దిగింది. కఫం స్లైడులో జంటలు జంటలుగా గ్రామ్ పాజిటివ్ క్రిములు కనిపించాయి. సీబీనాట్ నెగెటివ్, స్క్రబ్ నెగెటివ్. బుధవారం ఉదయం బ్లడ్ కల్చర్ బాటిల్ ఒకటి పాజిటివ్ అయిందని ల్యాబ్ నుంచి ఫోన్, అందులోనూ అవే జంటలు. ఇది న్యుమోకాకసేనని అప్పటికే తొంభై పైసల నమ్మకం. అజిత్రో ఆపడానికి కావలసిన సమాచారమంతా బుధవారం పదింటికే నా చేతిలో ఉంది. రౌండ్స్‌లో "కంటిన్యూ ఆల్" అని రాసి వెళ్ళిపోయాను. ఆ రోజు ఓపీ నిండుగా ఉంది, పండక్కి ముందు వారం ఎప్పుడూ అంతే.

సాయంత్రం ఏడున్నరకి సిస్టర్ ఫోన్. "సార్, ఇడ్లీ బండి అమ్మకి అజిత్రో పెట్టబోతున్నాను. మానిటర్‌లో మధ్యమధ్యలో బీట్ తేడాగా వస్తోంది. పెట్టమంటారా, ఆపమంటారా?"

ఆపమని చెప్పి వార్డుకి వచ్చాను. ఈ కేసులో ప్రమాదాన్ని ముందుగా పట్టింది ఆ సిస్టరే.

ఈసీజీలో హృదయ స్పందన 84, క్యూటీ (ఒక్కో బీట్‌లో గుండె కింది గదుల కరెంటు మొదలై మళ్ళీ సర్దుకునేదాకా పట్టే సమయం) 440 మిల్లీసెకండ్లు. గుండె వేగానికి తగ్గట్టు బాజెట్ సూత్రంతో సరిచేస్తే 521, ఫ్రిడెరీషియాతో 492. అడ్మిషన్ రోజు ఈసీజీ తీసి పక్కన పెట్టుకున్నాను. స్పందన 112, క్యూటీ 340. యంత్రం బాజెట్ లెక్కలో 464 అని అచ్చేసింది. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు బాజెట్ ఎక్కువ చూపిస్తుంది, ఫ్రిడెరీషియాతో అది 419. అందుకని ఆ రోజు పట్టించుకోకపోవడం తప్పు కాదు. అజిత్రో మొదటి డోసు తర్వాత మళ్ళీ తీయించకపోవడం తప్పు. క్యూటీ 500 దాటే దారిలో ఉంటే, అడ్డదిడ్డంగా వచ్చే ఒక్క బీట్ చాలు గుండె లయ తప్పి మెలికలు తిరగడానికి. దాన్ని టోర్సాడ్ అంటాం. ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు.

పొటాషియం 2.9. మెగ్నీషియం 1.5. రెండూ తక్కువే.

"ఆవిడ ఇంట్లో ఏమేం వేసుకుంది? మొత్తం తీసుకురండి" అన్నాను. మేనల్లుడు బండి మీద వెళ్ళి ఒక గుడ్డ సంచి తెచ్చాడు. అందులో అజిత్రోమైసిన్ 500 మూడు బిళ్ళల స్ట్రిప్, ఖాళీ. గురు, శుక్ర, శనివారాలు. అడ్మిషన్ షీట్‌లో "బయట వాడినవి: జ్వరం బిళ్ళలు" అని రాసి ఉంది, ఆవిడ అలాగే చెప్పింది, మేం అలాగే రాసుకున్నాం. పారాసిటమాలే అని మా ఊహ. సంచిలో ఇంకోటి దొరికింది, పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్స్. పొద్దున్నే ఇడ్లీ పిండి కలిపేముందు ఒకటి వేసుకోవడం రెండేళ్ళ అలవాటట. ఆసుపత్రిలో కూడా దిండు కింద పెట్టుకుని వేసుకుంటూనే ఉంది.

"అది మందేంటి బాబూ, గ్యాస్ బిళ్ళ" అంది.

ఇప్పుడు లెక్క కడితే భయమేసింది. మూడు బిళ్ళలు, రెండు ఇంజెక్షన్లు కలిపి అజిత్రో అయిదు డోసులు. డోంపెరిడోన్ క్యూటీని పెంచుతుంది. మంగళవారం రాత్రి నుంచి వాంతులైతే డ్యూటీలో ఉన్నవాళ్ళు ఒండాన్‌సెట్రాన్ మూడుసార్లు ఇచ్చారు, అదీ పెంచుతుంది. వచ్చినప్పుడే 3.4 ఉన్న పొటాషియాన్ని నేను వదిలేశాను. ఇన్సులిన్, అవసరం లేని సాల్బుటమాల్ ఆ ఉన్న పొటాషియాన్ని కణాల్లోకి తోసేశాయి, వాంతులు మిగతాది పట్టుకుపోయాయి. రెండేళ్ళుగా పాంటోప్రజోల్ వాడితే మెగ్నీషియం తగ్గవచ్చు. ఆడవాళ్ళకి క్యూటీ ప్రమాదం మగవాళ్ళకన్నా ఎక్కువ. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎవరూ బెంబేలు పడరు. అన్నీ ఒకే మంచం మీద చేరాయి.

2012లో అమెరికాలోని టెన్నెసీ రోగుల రికార్డుల నుంచి వచ్చిన లెక్క ఒకటుంది. అమాక్సిసిలిన్ వాడినవాళ్ళతో పోలిస్తే అజిత్రో వాడిన ప్రతి పది లక్షల కోర్సుల్లో గుండె మరణాలు 47 అదనం. అప్పటికే గుండె ప్రమాదం బాగా ఉన్నవాళ్ళలో 245. మరుసటి ఏడాది మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. పది లక్షలకి 47 అంటే చిన్న సంఖ్యే. కానీ 2019లో భారతదేశంలో అత్యధికంగా అమ్ముడైన యాంటీబయాటిక్ మాత్ర అజిత్రో 500 అన్న సంగతి దాని పక్కన పెట్టి చదవాలి.

ఆ రాత్రి చేసింది సాదా పనే. అజిత్రో, ఒండాన్‌సెట్రాన్, నెబులైజర్, క్యాప్సూల్ నాలుగూ ఆపాం. మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున నాలుగు గంటలు. డీఫిబ్రిలేటర్‌ని మంచం పక్కకి జరిపాం. అది చూసి ఆవిడ కూతురు ఏడుపందుకుంది. కూర్చోబెట్టి, ఊపిరితిత్తి బాగవుతోందని, మందుల వల్ల గుండె కరెంటులో తేడా వచ్చిందని, అందులో మా లోపం కూడా ఉందని చెప్పాను. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు టెన్షన్ పడ్డాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "తగ్గుతుంది కదండీ?" అని మాత్రం అడిగింది.

అజిత్రో ఆపగానే పోయే మందు కాదు. దాని అర్ధాయుష్షు 68 గంటలు, కణజాలంలో రోజుల తరబడి ఉంటుంది. మూడు బిళ్ళలతో వారం పని నడవడానికి కారణం అదే, చెడు చేసినా అంతసేపూ చేస్తుంది. కాబట్టి ఇంకో రెండు రోజులు మానిటర్ తీయలేదు. గురువారం పొటాషియం 4.0, స్పందన 80, క్యూటీ 405, ఫ్రిడెరీషియా లెక్కలో 446. అడ్డ బీట్లు ఆగాయి.

కల్చర్ చెప్పింది

శుక్రవారం పూర్తి రిపోర్టు. న్యుమోకాకస్. పెన్సిలిన్‌కి లొంగుతుంది. ఎరిత్రోమైసిన్‌కి లొంగదు.

అంటే వీధిలో ఇచ్చిన అజిత్రో శుక్రవారం కాస్త తేలికపరిచింది అనుకున్నది బహుశా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మహిమ. మా రెండు డోసులు కూడా ఆ క్రిమిని ముట్టుకోలేదు. ఆవిడని బతికించింది మొదటి లైను. స్ట్రిప్ సంగతి సోమవారమే తెలిసి ఉంటే వేరేగా ఆలోచించేవాణ్ణి. మూడు రోజులు అజిత్రో పడ్డాక కూడా ముదిరిన జ్వరం అంటే ఒకటి కాదు రెండు సంగతులు తెలుస్తాయి. మైకోప్లాస్మా, స్క్రబ్ లాంటివాటికి పడాల్సిన మందు చాలావరకు పడిపోయింది. మిగిలిన శత్రువు మాక్రోలైడ్‌కి మొండికేసిన న్యుమోకాకస్ కావచ్చు. ఈ మధ్యే వాడిన జాతి యాంటీబయాటిక్‌ని మళ్ళీ ఎంచుకోవద్దని అమెరికా మార్గదర్శకాలు ఎప్పట్నుంచో చెబుతున్నది ఇందుకే.

సోడియం 131 చూసి లెజియొనెల్లా అనుమానం వచ్చిన మాట నిజం. దాని మూత్రపరీక్ష మా ఊళ్ళో లేదు. ఆ అనుమానం తీరేదాకా రెండో మందు కావాలంటే డాక్సీసైక్లిన్ ఇవ్వొచ్చు. క్యూటీ జోలికి పోదు, స్క్రబ్‌ని కూడా చూసుకుంటుంది. పుష్కలంగా నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉంటే గొంతు కింద మంట రాదు. ఇప్పుడు మా వార్డులో బయట అజిత్రో వాడి వచ్చినవాళ్ళకి నేను రాస్తున్నది అదే. ఇది చెప్పగానే మేనల్లుడు నవ్వాడు. "సార్, డాక్సీ కూడా టెట్రాసైక్లినే. 1951లో మునిగింది ఆ జాతితోనే కదా!" నిజమే, పట్టేశాడు. మెదడు పొరల వాపు అనుమానం ఉంటే నేనూ కలపడానికి జంకుతాను. ఊపిరితిత్తికి జంకను.

శుక్రవారమే ఆగ్మెంటిన్ కూడా ఆపి, నోటి ద్వారా అమాక్సిసిలిన్ 1 గ్రాము రోజుకి మూడుసార్లు చేశాను. జూనియర్లు ఇక్కడ ఆశ్చర్యపోతారు, క్లావులానేట్ తీసేస్తే బలం తగ్గదా అని. క్లావులానేట్ చేసేది బీటా లాక్టమేజ్ అనే ఎంజైముని అడ్డుకోవడం. న్యుమోకాకస్ ఆ ఎంజైముని తయారు చేయదు. అది పెన్సిలిన్‌కి ఎదురు తిరిగితే, గోడ కట్టే ఎంజైముల రూపం మార్చుకుని తిరుగుతుంది, అక్కడ క్లావులానేట్ ఏమీ చేయలేదు. ఈ క్రిమి ఎటూ పెన్సిలిన్‌కి లొంగేదే. కాబట్టి క్లావులానేట్ వల్ల ఈవిడకి వచ్చేది విరేచనాలు తప్ప వేరే ఏమీ లేదు.

శనివారం ఆక్సిజన్ లేకుండా 96 శాతం. ఎక్స్‌రేలో నీరు పెరగలేదు, సూది పెట్టాల్సిన అవసరం రాలేదు. "భోగికి ఇంట్లో ఉండాలి బాబూ" అని రోజుకి పదిసార్లు అడుగుతుంటే ఆ మధ్యాహ్నమే డిశ్చార్జ్ చేశాను. మొత్తం ఏడు రోజుల యాంటీబయాటిక్ ఆదివారంతో పూర్తయింది.

మా అడ్మిషన్ షీట్‌లో "బయట వాడిన మందులు" గడి కింద ఇప్పుడు "స్ట్రిప్ చూశారా?" అని ఒక గడి పెట్టించాను. అజిత్రో రాస్తే అదే లైనులో ఏ క్రిమి కోసమో, ఎప్పుడు ఆపాలో రాయాలి, సాధారణంగా 48 గంటల దగ్గర. మొదటి డోసుకి ముందు ఈసీజీ, పొటాషియం. అప్పటి నుంచి మా దగ్గర అజిత్రో మానేసిందేమీ లేదు. తీవ్రంగా వచ్చినవాళ్ళకి, ఏ క్రిమో తెలియనివాళ్ళకి మొదటి గంటలో రెండూ పడుతూనే ఉన్నాయి.

ఆరు వారాలకి ఆవిడ చూపించుకోవడానికి వచ్చింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, క్యూటీ 418. న్యుమోకాకల్ టీకా వేయించాను. లేవబోతూ కొంగు ముడి విప్పి ఒక స్ట్రిప్ తీసింది. "ఇది ఒట్టి పాంటోప్రజోలే బాబూ. రెండోది లేనిదే ఇమ్మని షాపులో గట్టిగా అడిగి తెచ్చుకున్నాను. మావాడు చూసి సరేనన్నాడు. మీరూ ఒకసారి చూడండి." తిప్పి చూశాను. పాంటోప్రజోల్ ఒక్కటే ఉంది. రోజూ ఎందుకు వేసుకుంటున్నారని అడిగి మళ్ళీ కూర్చోబెట్టాను.